ప్రవాహానికి అడ్డంగా నిలిచే విసనకర్ర
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నా క్లాసువాడే. ఫోను చేసి, "ఒరేయ్, నీకు పావుగంట ఇచ్చాం. ఉద్యోగం గొప్పలు వద్దు, రాజకీయాలు వద్దు. పిల్లలకు ఒక కొత్త సంగతి, పెద్దలకు ఒక పనికొచ్చే సంగతి చెప్పు, చాలు" అన్నాడు. ఆ మాట ప్రకారమే వచ్చానండి. పిల్లల కోసం సముద్రంలో ఉండే ఒక ప్రాణిని తెచ్చాను. పెద్దల కోసం గోడకు తగిలించే ఒక పటాన్ని తెచ్చాను. ఆ రెండూ ఒకటే అని చెప్పడానికే ఈ పావుగంట.

నేను సివిల్ ఇంజనీరునని మీలో చాలామందికి తెలుసు. రేవుల్లో జెట్టీలు ఉంటాయి కదా, వాటిని మోసే స్తంభాలు నీళ్ల కింద ఎలా ఉన్నాయో చూసి నివేదిక రాయడం నా పని. డైవర్లు కెమెరా పట్టుకుని నీళ్లలోకి దిగుతారు. నేను పైన బల్లకట్టు మీద కూర్చుని తెర మీద చూస్తూ, "ఇంకాస్త కిందకి, ఇంకాస్త ఎడమకి" అంటూ ఉంటాను. తుప్పు ఎంత పట్టింది, కాంక్రీటు ఎక్కడ పగిలింది, గుల్లలు ఎంత మందాన అతుక్కున్నాయి, ఇవే మా లెక్కలు.

కంటికి కనబడని చోట ఏముందో ఎవరో ఒకరు చూస్తూ ఉండాలన్న మాట నగరం వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన ఊళ్లో నేల కింద గ్యాసు గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. ఆ కుటుంబాల వాళ్లు ఈ పందిట్లో కూడా ఉన్నారు. వారికి తల వంచి నమస్కరిస్తున్నాను. పైకి ఏమీ కనబడనంత మాత్రాన కింద అంతా బాగున్నట్టు కాదు. నేల కిందైనా అంతే, నీళ్ల కిందైనా అంతే. ఈ రోజు నేను చెప్పబోయేది నీళ్ల కింది సంగతి.

కొన్నేళ్ల క్రితం ఒక జెట్టీ పని మీద అండమాన్ వెళ్లాను. పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, అక్కడ తెలుగువాళ్లకు కొదవ లేదు. మాకు కెమెరా పట్టిన డైవరు కుర్రాడు కూడా తెలుగువాడే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబం. స్తంభాల పని అయ్యాక జెట్టీకి అవతల ఉన్న రాతి వాలు వైపు కెమెరా తిప్పాడు. అంత లోతులో ఎరుపు రంగు వెలుతురు చేరదండి, అంతా నీలంగా, బూడిదగా కనిపిస్తుంది. ఆ బూడిదలో మనిషంత ఎత్తున ఏదో నిలబడి ఉంది. ఆకులు రాలిన చెట్టేమో అనుకున్నాను. కుర్రాడు టార్చి వేశాడు. ఒక్కసారిగా కుంకుమ రంగు! ఈనె పక్కన ఈనె, కొమ్మకు కొమ్మ అల్లుకుని, మన తాటాకు విసనకర్రను ఎవరో రాతిలో గుచ్చి నిలబెట్టినట్టు ఉంది. "విసనకర్ర సార్" అన్నాడు పైకి వచ్చాక. ఇంగ్లీషులో కూడా దాన్ని సీ ఫ్యాన్ అనే అంటారు. పేరు ఎవరు ఎవరికి నేర్పారో గాని, చూసినవాడికి వేరే పేరు తోచదు.

పిల్లలూ, ఇది చెట్టు కాదు. వేరు కాదు, నాచు కాదు. జంతువు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే వేలకొద్దీ చిన్న చిన్న జంతువులు కలిసి కట్టుకున్న ఇల్లు. జెల్లీ చేపలకు, పగడాలకు ఇది దగ్గర చుట్టం. ఒక్కొక్క జంతువును పాలిప్ అంటారు, అది గింజంత ఉంటుంది. దానికి నోటి చుట్టూ ఎనిమిది చేతులు. ఆ ఒక్కొక్క చెయ్యికీ రెండు పక్కలా ఈకల్లాంటి పోగులు ఉంటాయి. కొబ్బరాకు మట్టకు రెండు వైపులా ఆకులు ఉంటాయే, అచ్చం అలాగ. ఆ చేతులు చాచి, నీటితో పాటు కొట్టుకొచ్చే సూక్ష్మ జీవుల్ని పట్టుకుని తింటుంది. ఒక పాలిప్‌కు దొరికిన తిండి లోపలి సన్నటి కాలువల ద్వారా పక్క పాలిప్‌లకూ అందుతుంది. ఉమ్మడి కుటుంబం అన్నమాట. ఈ వేల పాలిప్‌లూ మొదట ఒకే ఒక్క పిల్ల పాలిప్ నుంచి పుట్టుకొచ్చినవే.

లోపల ఉండే పుల్ల చాలా రకాల్లో మన గోరు, ఎద్దు కొమ్ము లాంటి పదార్థం. దాని పేరు గోర్గోనిన్. వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. పైన మెత్తటి చర్మంలో సున్నపు ముళ్లు ఉంటాయి, మైక్రోస్కోపులో తప్ప కనబడవు. ఏ జాతి విసనకర్రో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఆ ముళ్ల ఆకారమే చూస్తారు. హిందూ మహాసముద్రంలోనూ పసిఫిక్‌లోనూ పెరిగే ఆనెల్లా అనే పెద్ద రకం రెండు మీటర్లు దాటి విస్తరిస్తుంది. అంటే మన తరగతి గది తలుపు కన్నా వెడల్పు.

మరి మన అంతర్వేది దగ్గరో, ఓడలరేవు దగ్గరో సముద్రంలో ఇవి ఎందుకు కనిపించవు అని అడుగుతారు. అడగాలి కూడా. విసనకర్రకు రెండు కావాలండి. కాలు ఆనించడానికి గట్టి రాయి కావాలి. ఎదురుగా కదిలే నీరు కావాలి. మనకు రెండోది బోలెడు ఉంది, మొదటిదే లేదు. ఇల్లు కట్టుకోవాలంటే రాయి బయటినుంచి లారీల మీద తెచ్చుకునే సీమ మనది. మన కాళ్ల కింద ఉన్నదంతా గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి తెచ్చి పోసిన ఒండ్రు. సముద్రం అడుగునా ఆ బురదే. విసనకర్ర పిల్ల బురదలో దిగితే నిలబడలేదు, మట్టి కప్పేస్తుంది. పగడాలు కూడా అంతే. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి వైపు, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి గాని డెల్టాల ముందు లేవు. మన రాష్ట్రంలో కొండలు సముద్రం దాకా వచ్చే విశాఖ వైపే రాతి అడుగు ఉంది. పగడ జాతి జీవుల కోసం డైవర్లు, శాస్త్రవేత్తలు వెతికేది అక్కడే.

ఇందులో ఒక తేడా గమనించండి. దిబ్బలు కట్టే రాతి పగడాలకు ఎండ కావాలి. వాటి ఒంట్లో చిన్న నాచు కాపురం ఉంటుంది, అది ఎండలో వండి పెడుతుంది. మన వైపు సముద్రాల్లో పెరిగే పెద్ద విసనకర్రల్లో చాలావాటికి ఆ వంటమనిషి లేదు. వచ్చే నీటిలో ఏముంటే అదే తిండి. అందుకే ఎండ సరిగా చేరని లోతుల్లో, నీరు జోరుగా పారే రాతి అంచుల్లో ఇవి బతుకుతాయి.

ఇక్కడ నాలోని ఇంజనీరు కాసేపు మాట్లాడతాడు, ఓర్చుకోండి. పై తరగతుల పిల్లలు లెక్క వేసుకోవచ్చు. ఏదైనా వస్తువు మీద గాలి గాని నీరు గాని వేసే తోపు దాని సాంద్రతను బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సముద్రపు నీరు గాలి కన్నా సుమారు 850 రెట్లు బరువు. 850కి వర్గమూలం దాదాపు 29. అంటే సెకనుకు ఒక మీటరు వేగంతో, అంటే మనం మామూలుగా నడిచే వేగంతో పారే నీరు, సెకనుకు 29 మీటర్ల గాలి తోసినంతా తోస్తుంది. గంటకు నూరు కిలోమీటర్ల పైమాట. అది ఎలాంటి గాలో 1996 నవంబరు 6 రాత్రి ఇక్కడ ఉన్నవాళ్లను అడగండి. తెల్లారేసరికి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టం. ఆ గాలి ఒక్క రాత్రి వీచింది. ప్రవాహం జోరుగా ఉండే చోట విసనకర్రకు పోటు వచ్చినప్పుడల్లా, పాటు వచ్చినప్పుడల్లా అలాంటి తోపు తప్పదు.

అయినా అది ఎలా నిలబడుతోంది? నేను మూడు సంగతులు చూశాను. ఒకటి, దాని అడుగు. రాతికి పళ్లెంలా పరుచుకుని అతుక్కుంటుంది. మేం స్తంభం కింద వెడల్పు దిమ్మ పోస్తామే, ఆ పద్ధతే. రెండు, అది గోడ కాదు, జల్లెడ. తోపులో కొంత కన్నాల్లోంచి దాటిపోతుంది. మూడు, కొమ్మలు వంగుతాయి. ఎదిరించే బలం, వంగే గుణం రెండూ ఉన్నాయి. మేం ఉక్కులోనూ కాంక్రీటులోనూ కట్టేవాటికి మొదటిది తెలుసు, రెండోది అంతగా తెలియదు.

అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. నీరు తోసేస్తుంటే ఎవరైనా పక్కకు తిరిగి, అంచు ఎదురుపెట్టి తప్పించుకుంటారు. కాలువ దాటేటప్పుడు మనమూ అంతే. విసనకర్ర అలా చెయ్యదు. ప్రవాహానికి నిలువునా అడ్డంగా ముఖం పెట్టి నిలబడుతుంది. కాలువకు అడ్డంగా కర్రలు పాతి వల కడతారు చూడండి, అలాగ. వల పారే నీటికి పక్కవాటంగా కడితే చేప పడుతుందా? అడ్డంగా ఉంటేనే ప్రతి పాలిప్‌కూ కొత్త నీరు తగులుతుంది, ప్రతి నోటికీ తిండి అందుతుంది. వెయిన్‌రైట్, డిల్లన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతిని శ్రద్ధగా కొలిచి 1969లో ప్రకటించారు. చిన్న విసనకర్రలు తలో దిక్కుకు తిరిగి ఉన్నాయట. పెద్దవి మాత్రం ఒకే వరసలో, నీటి పోకకు అడ్డంగా ఉన్నాయట. ఎదిగేకొద్దీ నీరే వాటిని మెలితిప్పి సరైన దిక్కుకు తెస్తుంది. ఈ మాట విన్నప్పుడు ముందు వరసలో కూర్చున్న మీరే నాకు గుర్తొచ్చారు పిల్లలూ. మీ మేష్టార్లు కంగారు పడనక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో అద్దెకుండే వాళ్ల సంగతి. చదును నేల మీద ఒక్క చెట్టు ఉంటే దాని చుట్టూ ఎన్ని ప్రాణులు చేరతాయో మనకు తెలుసు. సముద్రం అడుగున కూడా అంతే. విసనకర్ర కొమ్మల మీద పీత పిల్లలు, రొయ్యలు ఉంటాయి. ముత్యపు చిప్పల జాతి గుల్లలు రెక్కలా అతుక్కుని ఉంటాయి. ఈకల్లాంటి చేతులున్న సముద్ర తారలు పైకొమ్మ ఎక్కి కూర్చుంటాయి, ఎత్తు మీద నీరు బాగా తగులుతుంది కదా. బుట్ట నక్షత్రం అని ఒకటుంది. పగలు ముడుచుకుని దారపుండలా కొమ్మకు చుట్టుకుంటుంది, రాత్రి అయ్యాక తన చేతులు విప్పుకుని అదే ఒక వల అవుతుంది. పొడుగు ముక్కు హాక్‌ఫిష్ అనే చేప ఎరుపు, తెలుపు గళ్లతో ఉంటుంది. లుంగీ గళ్లే అనుకోండి. ఆ గళ్ల వల్ల విసనకర్ర అల్లికలో అది కలిసిపోతుంది. కొన్ని నత్తలు ఆ పాలిప్‌లనే తిని, తాము కూర్చున్న కొమ్మ రంగులోనే ఉంటాయి. కొన్ని చిన్న సొర జాతులు తమ గుడ్ల సంచులను దీని కొమ్మలకు తీగలతో కట్టి పోతాయి.

వీటన్నిటిలోనూ నాకు ఇష్టమైంది మరుగుజ్జు సముద్రపు గుర్రం. నిండా పెరిగినా బొటనవేలి గోరంత, రెండున్నర సెంటీమీటర్లు దాటదు. ఇండొనేషియా నుంచి పసిఫిక్ వరకు ఉంటుంది. ఒంటి నిండా బొడిపెలు, ఆ బొడిపెల రంగూ ఆకారమూ తాను పట్టుకున్న విసనకర్ర మూసుకున్న పాలిప్‌ల లాగే. ఎంత బాగా దాక్కుంటుందంటే, మనిషి దాన్ని వెతికి పట్టుకోలేదు. 1969లో న్యూ కాలెడోనియాలో బార్గిబాంట్ అనే ఆయన ఒక విసనకర్రను పరిశీలిస్తుంటే దాని మీద ఈ గుర్రం బయటపడింది. మరుసటి ఏడాది దానికి ఆయన పేరే పెట్టారు, హిప్పోకాంపస్ బార్గిబాంటి అని. అది ఒకటి రెండు రకాల విసనకర్రల మీద తప్ప ఇంకెక్కడా బతకదు. పిల్లల్ని కడుపు సంచిలో మోసి కనేది మగది. పెద్దయ్యాక ఒకే విసనకర్రను పట్టుకుని కాపురం చేస్తుంది. అంటే ఒక విసనకర్రను పీకితే ఒక ఇల్లు పోయినట్టు కాదు, ఒక వీధి పోయినట్టు.

ఇప్పుడు పెద్దల వాటాకు వస్తున్నాను.

ఆ మధ్య హైదరాబాదులో మా దగ్గర బంధువు ఒకరు కొత్త ఫ్లాటు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచారు. వరసకు నాకు బావగారు. ఆప్యాయంగా ఇల్లంతా తిప్పి చూపించారు. హాల్లో, గుమ్మానికి ఎదురుగా, అద్దాల పటంలో నల్లటి ఈనెల విసనకర్ర! ఎర్ర గుడ్డ మీద అతికించి, కుంకుమ బొట్టు పెట్టి, పైన దండ కూడా వేశారు.

"ఇదేంటి బావగారూ?" అన్నాను.

"ఇంద్రజాలం అంటారు బావా. సముద్రం లోతుల్లో దొరికే వేరు. ఇది ఇంట్లో ఉంటే నరదిష్టి తగలదు, చేతబడి పనిచెయ్యదు అన్నాడు. ఆన్‌లైన్లో తెప్పించా. మామూలు ధర కాదు."

"ఇది వేరు కాదండి, జంతువు. కొన్ని వేల ప్రాణులు. ఇంత ఎదగాలంటే ఎన్నేళ్లు పడుతుందో తెలుసా?"

ఆయన కాసేపు పటం వైపు చూశారు. తరువాత ఒక మాట అడిగారు. అది నిజాయితీగా అడిగిన మాటే. "చచ్చిపోయిందే కదా బావా. ఇప్పుడు తీసేస్తే బతికొస్తుందా?"

రాదండి. బతికి రాదు. ఆ ప్రశ్నకు జవాబు ఏం చెప్పాలో ఆ రోజు అక్కడే ఆలోచించుకోవాల్సి వచ్చింది. "ఇది బతకదు. కానీ మీరు డబ్బిచ్చినందుకే వాడు రెండోది పీకడానికి మనిషిని పంపుతాడు. ఇంకొకరు మీ గోడ మీద చూసి, మంచిది కాబోలు అని మూడోది తెప్పిస్తారు" అన్నాను. మా అక్కయ్య వంటింట్లోంచి వింటూనే ఉంది. "దిష్టికి మన బూడిద గుమ్మడికాయ ఉండగా జంతువుల్ని ఎందుకండీ వేలాడదీయడం" అంది. అక్కడితో నా ఉపన్యాసం కన్నా ఆమె మాటే పనిచేసింది. తరువాతి వారం ఆయన దాన్ని అటవీ శాఖ వాళ్లకు అప్పగించి వచ్చారు.

నేను ఎవరి నమ్మకాన్నీ ఎగతాళి చెయ్యడానికి ఇది చెప్పడం లేదు. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు మా ఇంట్లోనూ కడతారు. నిమ్మకాయ మన తోటలో మళ్లీ ఏడాదికి కాస్తుంది. విసనకర్ర అలా కాయదు. కరీబియన్ సముద్రంలోని మామూలు రకమే ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. కొన్ని రకాలు ఇంకా నిదానం. గోడ మీది పటంలో పట్టే సైజుకు కూడా ఏళ్లు పడుతుంది. మనిషెత్తు విసనకర్ర ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. మన సంఘం ఈ రోజు యాభై ఏళ్లు పూర్తి చేసుకుందని పండగ చేసుకుంటున్నాం. ఆ వయసున్న ప్రాణిని ఒక గొడ్డలి దెబ్బకు పీకి, ఎండబెట్టి, అద్దం వేసి అమ్ముతున్నారు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో 1970ల్లో, 80ల్లో మన్నార్ సింధుశాఖ నుంచి వీటిని తీసి ఎండబెట్టి ఎగుమతి చేసేవారు. కరీబియన్‌లోని ఒక రకంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే మందు పదార్థాలు దండిగా ఉన్నాయని 1969లో బయటపడ్డాక వీటి మీద ప్రపంచమంతా ఆసక్తి పెరిగింది. తరువాత 2001లో మన ప్రభుత్వం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో విసనకర్రలన్నిటినీ చేర్చింది. పులి, ఏనుగు ఉన్న షెడ్యూలు అది. వీటిని తీయడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. 2022లో చట్టాన్ని సవరించి జరిమానా కనీసం 25,000 రూపాయలు చేశారు. పులి చర్మం గోడకు తగిలించడానికి మనలో ఎవరూ సాహసించరు. ఇంద్రజాలం అనే పేరు పెట్టేసరికి అదే షెడ్యూలులోని ప్రాణి పూజగదిలోకి వచ్చేస్తోంది. పేరు మార్చి అమ్మడంలోనే ఉంది ఇంద్రజాలమంతా.

విసనకర్రలకు పటాలు కట్టేవాళ్లు ఒక్కరే శత్రువులు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. అడుగు ఊడ్చే ట్రాల్ వలలు ఒక్క లాగుడుకు పొలం దున్నినట్టు దున్నేస్తాయి. నీటి వేడి ఇంకొకటి. మధ్యధరా సముద్రంలో 1999లో, మళ్లీ 2003లో వేసవి వేడి నీటిలో దిగి, ఎన్నో చోట్ల విసనకర్రలు గుంపులుగా చచ్చిపోయాయి. కరీబియన్‌లో 1995 నుంచి ఒక బూజు రోగం వాటిని తినేసింది. ఆస్పర్‌గిల్లస్ అనే ఆ బూజు నేల మీద మట్టిలో ఉండే జాతి. నేల మీదిది నీళ్లలోకి చేరి అక్కడి ప్రాణికి రోగమై ఉండవచ్చు. గోదావరి చివరి మైళ్లలో కూర్చున్న మనం ఈ ఒక్క వాక్యం మాత్రం జాగ్రత్తగా వినాలి. పైనుంచి వచ్చిందంతా మన ఊళ్ల మీదుగానే సముద్రంలో కలుస్తుంది. మన కాలువల్లో వేసిన ప్లాస్టిక్ సంచి, మన చేలల్లో ఎక్కువైన మందు వైనతేయలో పడి సముద్రానికి పోతాయి. మన కళ్ల ముందు విసనకర్రలు లేవు కాబట్టి మనకేం అనడానికి లేదు. నీటికి జిల్లా సరిహద్దులు తెలియవు. సముద్రం నుంచి నదిలోకి ఎదురొచ్చే పులసను అడిగితే చెబుతుంది.

మరి చెయ్యగలిగింది ఏమీ లేదా? ఉంది. గట్టి ఆధారం ఇస్తే సముద్రం తన ఊరిని తానే కట్టుకుంటుంది. నా ఉద్యోగంలో రోజూ చూసేది అదే. జెట్టీ స్తంభం నీళ్లలో దింపిన ఏడాదికే గుల్లలు, నాచు, చిన్న చేపలు చేరతాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు తమిళనాడు తీరంలో కాంక్రీటు దిమ్మలతో కృత్రిమ దిబ్బలు కట్టించి, అక్కడ చేపలు పెరగడం చూశారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో తీర రాష్ట్రాలకు ఇలాంటి దిబ్బల పథకం పెట్టారు. మా లాంటి వాళ్లు అందులో పనిచెయ్యవచ్చు. అయితే దిమ్మ దింపడం ఒక రోజు పని. దాని మీద విసనకర్ర మనిషెత్తు ఎదగాలంటే మన పిల్లల కాలం కావాలి. అందుకే కొత్తది కట్టడం కన్నా ఉన్నది పీకకుండా ఉండడం చవక.

మన సంఘం సభ్యులకు నా విన్నపాలు మూడు. మీ ఇంట్లో గాని, మీ బంధువుల ఇంట్లో గాని అలాంటి పటం ఉంటే, అదేమిటో వాళ్లకు చెప్పండి. కోప్పడొద్దు, భయపెట్టొద్దు. చెప్పి, అటవీ శాఖకు అప్పగించమనండి. రెండోది, రామేశ్వరం వెళ్లినా, అండమాన్ విహారానికి వెళ్లినా పగడపు ముక్క, ఎండిన విసనకర్ర, సముద్రపు గుర్రం కొనొద్దు. కొనేవాడు లేకపోతే పీకేవాడు ఉండడు. మూడోది ఈ బడి గురించి. మన సైన్సు గదికి ఒక మంచి మైక్రోస్కోపు ఇవ్వడానికి మా బ్యాచి వాళ్లం అనుకున్నాం, ఈ నెలలోనే వస్తుంది. ఎండిన ప్రాణిని సీసాలో పెట్టి చూపించే బదులు, పిల్లలు మన కాలువ నీటి చుక్కనే దాని కింద పెట్టి చూడాలి. విసనకర్ర తినే తిండి ఎలాంటిదో ఆ చుక్కలో కనిపిస్తుంది. అక్కడ మొదలుపెట్టిన పిల్ల ఎవరైనా రేపు విశాఖ రాళ్ల దగ్గర దిగి, ఇక్కడ ఏ ఏ విసనకర్రలు ఉన్నాయో లెక్క రాస్తుందని నా ఆశ.

మేష్టార్లూ, ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. రాయి లేని ఊళ్లో పుట్టిన మాకు కాలు ఆనించే రాయి ఈ బడే అయింది. ఎటు తిరిగి నిలబడాలో మాత్రం బయటి ప్రవాహాలే నేర్పాయి.  కార్యదర్శి వాచీ చూసుకుంటున్నాడు.